శ్యామ్ బెనెగల్ గారి ఊళ్లు

ప్రసిద్ధ చలనచిత్ర దర్శకులు శ్రీ శ్యామ్ బెనెగల్ 2024 డిసెంబరు 23వ తేదీన ముంబైలో కన్నుమూశారు. అంతకు తొమ్మిది రోజుల ముందే, డిసెంబరు 14న, ఆయనకు తొంభై ఏళ్లు నిండాయి. మరునాడు మా షోలాపూరులో మరాఠీ పత్రిక తెరిస్తే ఆయన ముంబై దర్శకుడు. బెంగుళూరు నుంచి మా తమ్ముడు ఫోను చేసి, అక్కడ ఆయన మన కరావళి వాడని చెప్పుకుంటున్నారన్నాడు. సికింద్రాబాదులో ఉన్న మా చిన్న బావమరిది అయితే మాటే పెరగనివ్వలేదు. "మా తిరుమలగిరి ఆయన బావగారూ, ఇందులో వాదన ఏముంది?" అన్నాడు.

ముగ్గురూ చెప్పింది నిజమే. తండ్రి శ్రీధర్ బెనెగల్ గారి కుటుంబం కర్ణాటక తీరానికి చెందినది. ఆయన సికింద్రాబాదు కంటోన్మెంటులో ఫొటో స్టూడియో పెట్టుకుని స్థిరపడ్డారు. ఇంటి భాష కొంకణి. గడప దాటితే ఉర్దూ, తెలుగు. శ్యామ్ 1934లో తిరుమలగిరిలో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివి, పాతికేళ్ల వయసుకు బొంబాయి చేరారు. ఆ తర్వాత మకాం ఎప్పుడూ బొంబాయే. అయినా ఆయన మొదటి కథాచిత్రం, రెండో కథాచిత్రం, చివరి దశలో తీసిన వాటిలో ఒకటి, నడుమ ఇంకొకటి, మళ్లీ మళ్లీ ఆ తెలంగాణ పల్లెలకే తిరిగి వచ్చాయి.

మన పత్రిక చదివే కుటుంబాలకు ఈ లెక్క కొత్త కాదు. దిక్కు మాత్రమే వేరు. వాళ్లు కర్ణాటక నుంచి తెలుగు నేలకు వచ్చారు. మన తాతలు తెలుగు నేల నుంచి షోలాపూరుకో, భివండికో, బరంపురానికో వెళ్లారు. జనాభా లెక్కల వాళ్లు వచ్చి "మాతృభాష?" అని అడిగినప్పుడు మన పిల్లలు ఒక్క క్షణం మన ముఖం చూస్తారు. ఇంటి భాష ఒకటి, ఊరి భాష ఒకటి అయిన పిల్లవాడు ఆ ఊరికి ఎంతవరకు సొంతవాడు అవుతాడు? బెనెగల్ గారి సినిమాలు చూసినప్పుడల్లా నాకు ఈ ప్రశ్నే వస్తుంది. 2025 ఫిబ్రవరిలో పెద్ద బావమరిది కూతురి పెళ్లికి సికింద్రాబాదు వెళ్లినప్పుడు రెండు రోజులు సెలవు మిగిలింది. ఆయన ఊళ్లేవో ఒకసారి చూద్దామని బయలుదేరాను. చిన్న బావమరిది స్కూటరు తీశాడు.

జూబ్లీ బస్ స్టేషను దాటి కార్ఖానా మీదుగా కరీంనగరు రోడ్డు పట్టుకుంటే వరుసగా తిరుమలగిరి, లాల్ బజారు, లోతుకుంట, అల్వాల్, బొల్లారం వస్తాయి. ఇప్పుడు ఇదంతా ఒకటే ఊరు. ఒక పేరు ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలవుతుందో దుకాణాల బోర్డుల మీద చదువుకోవలసిందే. రోడ్డుకు ఒక పక్క మిలిటరీ వాళ్ల పొడవాటి గోడలు, లోపల పాత చెట్లు, "అనుమతి లేనిదే ప్రవేశం లేదు" అనే బోర్డులు. రెండో పక్క బట్టల షోరూములు, కోచింగ్ సెంటర్లు, అయిదంతస్తుల అపార్టుమెంట్లు. తెల్లవాళ్ల కాలం నాటి చర్చి ఇంకా ఉంది. బెనెగల్ గారి ఇల్లు ఏదని నేను ఎవరినీ అడగలేదు. నాకు కావలసింది ఇల్లు కాదు, ఆ గోడ.

1940లలో ఆ గోడ అసలు గోడ కాదు, రెండు రాజ్యాల సరిహద్దు. లోపల బ్రిటిషు వారి కంటోన్మెంటు. తమిళులు, పంజాబీలు, ఆంగ్లో ఇండియన్లు, కొంకణులు, దేశం నలుమూలల నుంచి ఉద్యోగానికీ వ్యాపారానికీ వచ్చినవాళ్లు. సైనికుల కోసం గ్యారిసన్ సినిమా హాలు. ఆ హాల్లో బొమ్మలు చూస్తూ పెరిగానని, సినిమా పిచ్చి అక్కడే పట్టుకుందని బెనెగల్ గారే చెప్పుకున్నారు. పన్నెండేళ్లకు తండ్రి కెమెరా తీసుకుని సొంతంగా చిన్న సినిమా కూడా తీశారు. బొంబాయిలో వెలిగిన గురుదత్ ఆయనకు వరసకు అన్న. ఇదంతా గోడకు ఈవల. ఆవల మైలు దూరం నడిస్తే నిజాం రాజ్యం. దొరలు, దేశ్‌ముఖులు, వెట్టి, పటేల్ పట్వారీలు. ఒకే పిల్లవాడు పొద్దున ఒక ప్రపంచంలో, సాయంత్రం ఇంకొక ప్రపంచంలో తిరిగాడన్నమాట. 1946 నుంచి తెలంగాణ సాయుధ పోరాటం. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య. అప్పటికి ఆయనకు పదమూడేళ్లు, అన్నీ గుర్తుండే వయసు.

అక్కడే పుట్టి దొరతనాన్ని గాలిలా పీల్చుకున్నవాడికి అది గాలిలాగే కనిపించదు. గోడ ఈవలి నుంచి వెళ్లి చూసినవాడికి కనిపించింది. నా మటుకు నాకు తోచిన కారణం ఇది. పెద్ద చదువులు చదివిన విమర్శకులు వేరే కారణాలు చెప్పవచ్చు.

"అంకుర్" 1974లో వచ్చింది. హైదరాబాదు దగ్గర 1950లలో జరిగిన ఒక సంఘటన మీద కాలేజీ రోజుల్లోనే ఆయన కథ రాసుకున్నారట. దాన్ని పట్టుకుని నిర్మాతల చుట్టూ పదేళ్ల పైగానే తిరిగారు. ఎవరూ పైసా పెట్టలేదు. ఈ లోగా బొంబాయిలో లింటాస్ ప్రకటనల కంపెనీలో చేరి, సబ్బులకూ పొడులకూ యాడ్ ఫిలిములు, డాక్యుమెంటరీలు వందల కొద్దీ తీశారు. మొత్తం తొమ్మిది వందలకు పైమాటే అంటారు. చివరికి డబ్బు పెట్టిందెవరు? సినిమా హాళ్లలో ప్రకటనలు వేయించే బ్లేజ్ సంస్థ. పదేళ్లు వాళ్ల పని శుభ్రంగా చేసి పెట్టినవాడికి వాళ్లే అప్పు ఇచ్చినట్లయింది. మా భాషలో దీన్ని ఖాతాదారుడి ట్రాక్ రికార్డు అంటాం. హామీ పత్రాలు ఎన్ని ఉన్నా దానికి సాటి రావు.

కథ మన వాళ్లలో చాలామందికి తెలిసే ఉంటుంది. దొరవారి కొడుకు సూర్య, పట్నంలో చదువు ఆపించి తండ్రి పంపిస్తే, పల్లెలో తోటా పొలమూ చూసుకోవడానికి వస్తాడు. పనిమనిషి లక్ష్మి దళితురాలు. ఆమె భర్త కిష్టయ్య కుమ్మరి, మూగ చెవిటి. మట్టికుండల గిరాకీ పడిపోయి తాగుడుకు అలవాటు పడ్డాడు. కల్లు దొంగిలించాడని కిష్టయ్యకు గుండు గీయించి గాడిద మీద ఊరేగిస్తారు. అవమానం భరించలేక అతను ఊరు విడిచి పోతాడు. ఆ తర్వాత సూర్య, లక్ష్మిల నడుమ జరిగేది, ఆమె గర్భం, సూర్య భయం, తిరిగి వచ్చిన కిష్టయ్యను అతను అకారణంగా కొరడాతో కొట్టడం. చివర ఒక చిన్న పిల్లవాడు దొర కిటికీ అద్దం మీద రాయి విసిరి పారిపోతాడు. తెర అంతా ఎరుపెక్కుతుంది.

కొరడా దెబ్బల కన్నా నాకు ఎక్కువ గుర్తుండేవి చిన్న విషయాలు. తండ్రి ఉంచుకున్న ఆవిడ పొలానికి సూర్య నీళ్లు ఆపించడం. తోటలో దొంగతనం జరగకుండా కాపలా కాయడం. లక్ష్మి వండినది తాను తింటానని గొప్పగా చెప్పే మనిషే, తన మీదికి వచ్చేసరికి పక్కా దొరవారి కొడుకై కూర్చోవడం. అతడు దుర్మార్గుడేమీ కాదు, పిరికివాడు. ఇలాంటి పిరికివాళ్ల చేతిలో అధికారం ఉంటే ఏమవుతుందో ఆ సినిమాలో ఉంది.

ఇంకొక సంగతి. ఈ తెలంగాణ పల్లెను తెర మీద నిలబెట్టిన వాళ్లెవరు? కిష్టయ్య వేషం వేసిన సాధు మెహర్ ఒడిశా వారు. ఆ వేషానికి జాతీయ ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. ఆయన 2024 ఫిబ్రవరిలో పోయారు. సూర్య వేషం వేసిన అనంత్ నాగ్ కన్నడ చిత్రసీమకు చెందినవారు. సూర్య భార్య సరోజగా మరాఠీ అమ్మాయి ప్రియా తెందూల్కర్. కెమెరా గోవింద్ నిహలానీ, ఆయన పుట్టింది కరాచీలో. సంభాషణలు సత్యదేవ్ దూబే, ఆయనది బిలాస్‌పూరు. లక్ష్మిగా మొదటిసారి తెర మీదికి వచ్చి ఉత్తమ నటి అయిన షబానా ఆజ్మీ ఒక్కరే హైదరాబాదులో పుట్టినవారు, పెరిగింది బొంబాయిలో. దొర వేషం మాత్రం హైదరాబాదు రంగస్థలం మీద పేరెన్నికగన్న ఖాదర్ అలీ బేగ్ గారిది. ఇంతమంది పొరుగువాళ్లు కలిసి మన పల్లెను తీస్తే, "ఇది మా ఊరు కాదు" అని ఆ ఊళ్లవాళ్లు అనలేకపోయారు.

ఆ పొలాలు ఇప్పుడు ఎక్కడున్నాయని వెతికితే లాభం లేదు. అల్వాల్ చుట్టుపక్కల పల్లెల పేర్లు కాలనీల పేర్లుగా మిగిలాయి. ఒకచోట మాత్రం రెండు అపార్టుమెంట్ల నడుమ పాత దిగుడు బావి, పైన ఇనుప జాలీ వేసి కనిపించింది. బావమరిది స్కూటరు ఆపి అందులోకి తొంగి చూశాడు. ప్లాస్టిక్ సంచులు.

అక్కడే మాకు వాదన వచ్చింది. "అన్నీ బాగానే ఉన్నాయి గాని బావగారూ, తెలుగు పల్లెలో అందరూ హిందీ మాట్లాడటమేమిటి? లక్ష్మి, కిష్టయ్య హిందీ మాట్లాడతారా?" అన్నాడు. కిష్టయ్య మూగవాడు కదా, ఆ ఇంట్లో ఆ పేచీ లేదు అని నేను నవ్వేశాను గాని, ఇది తీసిపారేసే ప్రశ్న కాదు. బెనెగల్ గారు వాడింది పుస్తకాల హిందీ కాదు, దక్కనీ. నిజాం రాజ్యంలో దొరతో, పోలీసుతో, కచేరీలో మాట్లాడే భాష అదే. హైదరాబాదు, గుల్బర్గా, బీదరు, మా షోలాపూరు బజారులో ఈనాటికీ వినిపించే భాష. అధికారం ముందు పేదవాడు తన ఇంటి భాష విడిచి మాట్లాడటం ఆ కాలపు నిజమే. కాని లక్ష్మి తనలో తాను ఏ భాషలో ఏడ్చి ఉంటుంది? అక్కడ బావమరిది మాటే నెగ్గింది. తెలుగులో తీసి ఉంటే ఇంకెంత బాగుండేదో అన్న వెలితి నాకూ ఉంది.

ఆయన తెలుగులో తీసిన సినిమా ఒక్కటే. మన వాళ్లలో చాలామందికి ఆ పేరే తెలియదు. "అనుగ్రహం", 1978లో. మరాఠీ రచయిత ఖానోల్కర్ నవల "కొండూరా" ఆధారం. అదే పేరుతో హిందీలోనూ తీశారు. అనంత్ నాగ్, వాణిశ్రీ, స్మితా పాటిల్, రావు గోపాలరావు నటించారు. వాణిశ్రీ గారిని చీరకట్టుకూ కొప్పుకూ మాత్రమే గుర్తుపెట్టుకున్నవాళ్లు ఈ సినిమాలో ఆమెను చూడాలి. దైవానుగ్రహం దొరికిందని నమ్మిన మనిషి ఎంత దూరం పోగలడో చెప్పే కథ. తెలుగు హాళ్లలో ఇటువంటి దానికి చోటు ఎంతో మీకు తెలియనిది కాదు.

రెండో సినిమా "నిశాంత్" 1975లో వచ్చింది. 1945 నాటి దొరతనం, బడిపంతులు భార్యను దొర తమ్ముళ్లు ఎత్తుకుపోవడం, ఎవరి దగ్గరికి పోయినా న్యాయం దొరకకపోవడం, చివరికి ఊరు తిరగబడటం. ఆ తిరుగుబాటులో పంతులు భార్య కూడా చనిపోతుంది. పదమూడేళ్ల వయసులో విన్న కబుర్లు మనసులో ఎలా నాటుకుని ఉంటాయో ఆ ఆఖరి పావుగంట చెబుతుంది. నేను మాత్రం రెండోసారి చూడలేకపోయాను.

లెక్కలు చూసుకునే ఉద్యోగం కనుక నాకు ఆయన సినిమాల్లో కథతో పాటు ఖర్చు ఎవరిదన్నది కూడా కుతూహలం. 1976లో "మంథన్". గుజరాతు పాడిరైతులు అయిదు లక్షల మంది తలకు రెండు రూపాయలు వేసుకున్నారు. పది లక్షలు. అయిదు లక్షల మంది నిర్మాతలు! ఒక్కొక్కరికి షేరు సర్టిఫికెట్ ఇవ్వవలసి వస్తే ఆ అచ్చు ఖర్చుకే సగం పోయేది. వాళ్లు పాలు పోసే సంఘాల ద్వారానే డబ్బు వచ్చింది, సినిమా విడుదలైతే లారీల మీద వచ్చి చూశారు. వాళ్ల సినిమా వాళ్లు చూసుకున్నారు. 2024లో ఆ సినిమాను కొత్తగా బాగుచేసి కాన్ చిత్రోత్సవంలో వేశారు. బెనెగల్ గారు పోవడానికి ఏడు నెలల ముందు. ఇదే పద్ధతిలో "ఆరోహణ్"కు పశ్చిమ బెంగాలు ప్రభుత్వం, "యాత్ర" సీరియలుకు రైల్వే వారు. సర్కారు డబ్బుతో తీసినప్పుడు కొన్నిచోట్ల ఉపన్యాసం వాసన వస్తుంది. అది ఒప్పుకోవాలి. కాని బొంబాయి ఫైనాన్సర్ల వడ్డీకి లొంగి పాటలూ ఫైట్లూ పెట్టకుండా, యాభై ఏళ్లు తాను అనుకున్నదే తీసిన మనిషికి డబ్బు ఎక్కడ దొరుకుతుందో వెతుక్కోవడం కూడా ఒక కళే.

2010లో వచ్చిన "వెల్‌డన్ అబ్బా" చూసి మా ఇంట్లో అందరికన్నా ఎక్కువ నవ్వింది నేనే. హైదరాబాదు దగ్గర చీకట్‌పల్లి అనే కల్పిత గ్రామం. బొంబాయిలో డ్రైవరుగా పనిచేసే అర్మాన్ అలీ నెల రోజుల సెలవు పెట్టి ఊరు వెళ్లి మూడు నెలలకు తిరిగి వస్తాడు. ఆలస్యానికి కారణం బావి. ప్రభుత్వ పథకం కింద బావి మంజూరవుతుంది. డబ్బు వాయిదాల్లో వస్తుంది, ప్రతి వాయిదాలోనూ ఒకరి వాటా. చివరికి బావి లేదు, బావి ఫొటో ఉంది, బావి పూర్తయిందన్న కాగితం ఉంది. అర్మాన్ అలీ పోలీసు స్టేషనుకు పోయి, నా బావి ఎవరో ఎత్తుకుపోయారని ఫిర్యాదు ఇస్తాడు! హైదరాబాదు ఉర్దూ రచయిత్రి జీలానీ బానూ కథ దీనికి ఆధారమైన వాటిలో ఒకటి. బొమన్ ఇరానీ మాట్లాడే దక్కనీ వింటుంటే మా బజారులో నిలబడ్డట్టే ఉంటుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నన్ను ఒక గ్రామీణ శాఖకు వేశారు. బావి అప్పుల తనిఖీకి మోటారు సైకిలు మీద వెళ్లేవాణ్ణి. ఫైళ్లలో మూడు బావుల ఫొటోలు చూస్తే మూడింటిలోనూ గట్టు మీద ఒకటే తెల్ల మేక, ఒకే పక్కకు తల తిప్పి. ఊరికి వెళ్లి "బావి ఏదయ్యా?" అంటే రైతు భూమి వైపు కాదు, ఆకాశం వైపు చూశాడు. వాడి చేతికి వచ్చింది సగం డబ్బు, వాడి పేరు మీద ఉన్నది మొత్తం అప్పు. నవ్వుకునే కథ కాదది. దాన్ని నవ్విస్తూ చెప్పగలగడానికి డెబ్బై అయిదేళ్ల వయసు కావలసి వచ్చిందేమో ఆయనకు. "అంకుర్" తీసిన నలభై ఏళ్ల మనిషి ఈ కథ తీస్తే రాయి మళ్లీ విసిరి ఉండేవాడు.

రెండో రోజు పోచంపల్లి. విజయవాడ రోడ్డు మీద హయత్‌నగర్ దాటి కొంత దూరం పోయాక ఎడమ చేతికి తిరగాలి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి గారు నూరెకరాలు ఇచ్చిన ఊరు. భూదానోద్యమం పుట్టింది ఇక్కడే. కనుకనే భూదాన్ పోచంపల్లి అంటారు. వినోబా పేరిట మందిరం ఉంది. నిన్న చూసిన సినిమాల దొరలకూ ఈ నూరెకరాలకూ నడుమ దూరం ఏపాటిదో ఆలోచిస్తూ అక్కడ కాసేపు కూర్చున్నాను.

బెనెగల్ గారి "సుస్మన్" ఈ ఊరి నేతగాళ్ల కథ. 1987. డబ్బు పెట్టినవి చేనేత సహకార సంఘాలు. నేతగాడు రాములుగా ఓం పురి, భార్య గౌరమ్మగా షబానా. ఓం పురి మగ్గం పని నేర్చుకుని మరీ వేషం వేశారు. పారిస్ ప్రదర్శనకు చీరలు కావాలని పట్నం నుంచి వచ్చినవాళ్లు పట్టు ఇస్తారు. అందులో కొంత పట్టు మిగిల్చుకుని రాములు తన కూతురి పెళ్లి చీర నేస్తాడు. బయటపడి నలుగురిలో తలవంచుకోవలసి వస్తుంది. ఊరందరికీ చీరలు నేసేవాడికి తన కూతురికి ఒక చీర నేసుకునే స్తోమతు లేదు. మధ్యలో సంఘాల గొడవ కొంత సాగదీసినట్టుంటుంది గాని, మా షోలాపూరు పద్మశాలి ఇళ్లలో ఎవరికి చూపించినా ఆ చీర దగ్గర గొంతు పట్టుకుంటుంది. మా తాత నల్లగొండ జిల్లా నుంచి షోలాపూరుకు వచ్చింది ఇలాంటి లెక్కలు తేలకే.

ఊళ్లో నడుస్తుంటే ఇళ్లలోంచి మగ్గం చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఒక ఇంటి అరుగు మీద డెబ్బై దాటిన పెద్దాయన నూలుకు చిటికి కడుతున్నాడు. నమస్కారం పెట్టాం.

"ఏడికెల్లి వచ్చిన్రు?"

"షోలాపూరు నుంచి."

"షోలాపూర్ల మనోళ్లు మస్తుగున్నరు గద. మీదే ఊరు పూర్వం?"

చెప్పాను. ఇంటిపేరు అడిగాడు. అదీ చెప్పాను. "అయితే మనోళ్లే" అని చాప జరిపాడు. నా చొక్కా చెయ్యి రెండు వేళ్ల నడుమ పట్టి చూసి, "ఇది మిల్లుది" అన్నాడు, తప్పు పట్టినట్టు కాదు, రోగం చెప్పే వైద్యుడిలా.

తెలియని మన పిల్లల కోసం చెబుతాను. మామూలు బట్ట నేసిన తర్వాత అద్దుతారు. పోచంపల్లిలో నేయకముందే నూలు మీద బొమ్మ అద్దుతారు. రంగు తగలకూడని చోట నూలుకు గట్టిగా కట్లు కట్టి రంగులో ముంచుతారు. విప్పితే కట్టిన మేర తెల్లగా మిగులుతుంది. రంగు రంగుకూ మళ్లీ కట్టాలి, మళ్లీ ముంచాలి. నేసేటప్పుడు ఆ రంగు ముక్కలన్నీ ఒకదాని పక్కన ఒకటి చేరి బొమ్మ అవుతాయి. ఒక్క పోగు జరిగితే అంచు చెదురుతుంది. కట్టే ముందు నూలును ఆసు మీద పోయాలి. చేత్తో అయితే ఒక్క చీరకు వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. ఆ పని ఇంటి ఆడవాళ్లది. తల్లి భుజాల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం కనిపెట్టారు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన మీద 2019లో తెలుగు సినిమా కూడా వచ్చింది. "సుస్మన్" వచ్చిన ముప్పై రెండేళ్లకు నేతగాడి కథ తెలుగులో చెప్పేవాళ్లు వచ్చారు. బావమరిది వాదనకు ఇదొక జవాబు.

పెద్దాయనను సినిమా సంగతి అడిగాను. "తీసిన్రు. మస్తు మంది వచ్చిన్రు" అన్నాడు. అంతే. ఆయనకు సినిమా కన్నా ముఖ్యమైన మాటలు చాలా ఉన్నాయి. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చినా, ఇదే డిజైను ప్రింటు కొట్టి పదో వంతు ధరకు అమ్ముతున్నారని, కొనేవాళ్లకు తేడా తెలియదని చెప్పాడు. తేడా ఎలా తెలుసుకోవాలని మా బావమరిది అడిగితే చీర తిరగేసి చూపించాడు. రెండు వైపులా ఒకే రంగు. "ప్రింటుది ఎనుక తెల్లబోతది" అన్నాడు. కొడుకు హైదరాబాదులో ఉద్యోగం. కోడలు మగ్గం దిగలేదు.

"మీ దిక్కు చేతి మగ్గాలున్నయా?"

చాలా వరకు పవర్‌లూములే అన్నాను. దుప్పట్లు, తువాళ్లు. గోడలకు తగిలించే బొమ్మలు చేతి మగ్గం మీద నేసేవాళ్లు కొద్దిమంది ఉన్నారు.

"మరి మీ పిల్లలకు తెలుగొస్తదా?"

మాట్లాడతారు, చదవలేరు అన్నాను. ఆయన ఏమీ అనలేదు. కొంచెం సేపు కట్లు కట్టి, పక్కనున్న గంపలోంచి ఒకసారి ఎరుపులో ముంచి ఆరబెట్టిన నూలు, ఇంకా కట్లు విప్పనిది, జానెడు ముక్క తెంపి ఇచ్చాడు. "తీస్కపోయి చూపెట్టున్రి" అన్నాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. అందుకని ఆయన సంఘం దుకాణంలో మా ఆవిడకు ఒక చీర, అమ్మాయికి ఒక దుపట్టా కొన్నాను. రెండూ తిరగేసి చూశాకనే.

2025 ఉగాదికి మన సంఘం హాల్లో పిల్లల ముందు ఆ నూలు పెట్టాను. అది చూసి ఎవరూ నోరు తెరవలేదు. ఎర్ర దారం మీద నల్ల రబ్బరు ముడులు, అంతే కదా. ఆరో క్లాసు చదివే ఒక అమ్మాయి, మరాఠీ బడి పిల్ల, విప్పి చూడవచ్చా అని మరాఠీలోనే అడిగింది. సరే అన్నాను. గోటితో గీకి గీకి ఒక ముడి విప్పింది. ఎరుపు నడుమ గింజంత మేర తెల్లగా బయటపడింది. అందరూ ముందుకు తోసుకువచ్చారు. మిగిలిన ముడులు విప్పవద్దని చెప్పి, నూలును గ్రంథాలయం గాజు బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి కార్యదర్శి గారి దగ్గర ఉంది.